బూటు లేసులు చూసే చాచా

మా సేఫ్టీ చాచా పోయాడన్న కబురు నాకు సైట్‌లో మధ్యాహ్నం విశ్రాంతి వేళ వచ్చింది. రెస్ట్ షెడ్‌లో అన్నం డబ్బా మూత తీసి, పప్పు ఇంకా కలుపుకోకముందే ఫోన్ మోగింది. బోధన్ నుంచి చాచా అల్లుడు. పొద్దున నమాజు చేసుకుని ఇంటికొచ్చి, వాకిట్లో కుర్చీలో కూర్చుని చాయ్ అడిగాడట. చాయ్ తెచ్చేసరికి తల పక్కకు ఒరిగి ఉందట. బాధేమీ పడలేదన్నాడు అల్లుడు. ఆ తర్వాత, చాయ్ అట్లాగే ఉండిపోయిందని మళ్ళీ మళ్ళీ అన్నాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

ఫోన్ పెట్టేశాక ఎదురుగా ఉన్న నీళ్ళ సీసా కంటబడింది. గల్ఫ్‌లో మాకిచ్చే సీసాలన్నిటి మీదా ఉన్నట్టే దాని లేబుల్ మీద కూడా ఒక మంచు కొండ బొమ్మ ఉంది. నీలం ఆకాశం, రెండు తెల్లటి శిఖరాలు. దాన్ని చూడగానే దుఃఖం ఆగలేదు. నీళ్ళ సీసాను చూసి ఏడ్చే మనిషిని మీరు చూసి ఉండరు. అందుకే చాచా గురించి మొదటి నుంచి చెప్తాను.

ఖతార్‌లో చమురు, గ్యాస్ పనులు ముమ్మరంగా ఉన్న రోజులవి. ఉత్తరాన సముద్రం పక్కన ప్లాంట్ పూర్తికాకముందే ఇంకో ప్లాంట్‌కు ముగ్గు పోసేవారు. మా క్యాంప్ నుంచి మదీనత్ అల్ షమాల్ అనే ఊరి వైపు బస్సులో పోతుంటే ఒక పక్క ఇసుక, ఇంకో పక్క క్రేన్లు, అంతే. నేను అప్పుడు సర్వేయర్‌ని. మాది ఆర్మూర్ పక్క పల్లె. చాచా స్కాఫోల్డింగ్ పనుల మీద సేఫ్టీ ఆఫీసర్. అంటే పైపులు కట్టి మంచెలు లేపేవాళ్ళు పైనుంచి పడకుండా చూడటం ఆయన పని. ఆయన పేరు ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. మా తెలంగాణ పోరలకు, నేపాలీలకు, బంగ్లావాళ్ళకు, ఆఖరికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఆఫీసు అమ్మాయికి కూడా ఆయన చాచాయే.

పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం. హెల్మెట్ కింద ఎప్పుడూ ఒక తడి రుమాలు. జేబులో యాలకులు. ఉర్దూలో తిట్టి తెలుగులో బుజ్జగించేవాడు. తిట్లు పడేది బెల్టు హుక్ తగిలించని వాళ్ళకు. బుజ్జగింపు కూడా వాళ్ళకే, సాయంత్రం మెస్‌లో. తిట్టించుకున్న వాడి పళ్ళెంలో తన కోడి ముక్క వేసి, ఇంటి ముచ్చట్లు అడిగేవాడు. అందుకే మా క్యాంప్‌లో చాచా చేత తిట్లు తిన్నవాడిని చూసి పక్కవాళ్ళు కుళ్ళుకునేవారు.

ఆయన పద్ధతి ఒకటి అందరికీ వింతగా ఉండేది. పొద్దున్నే పని మొదలయ్యే ముందు మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే మీటింగ్ ఉంటుంది. అన్ని సైట్లలోనూ ఉండేదే. సేఫ్టీ వాళ్ళు మైకులో, అందరూ ఫిట్టేనా అని అడుగుతారు. అందరూ ఫిట్ అని అరుస్తారు. జ్వరం ఉన్నవాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఒంట్లో బాగాలేదంటే ఆ రోజు డ్యూటీ పోతుంది కదా. చాచా ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని వరస వెంబడి నడుస్తూ, తల వంచుకుని అందరి బూట్లూ చూసుకుంటూ పోయేవాడు. కొత్తగా వచ్చినప్పుడు నేను ఆయనకు మెడ నొప్పేమో అనుకున్నాను.

ఒక రోజు ఒక నేపాలీ కుర్రాడి ముందు ఆగిపోయాడు. వాడు అందరికంటే నిటారుగా, నవ్వుతూ నిలబడ్డాడు. బూటు లేసు మాత్రం పై రంధ్రాల దాకా పోకుండా వేలాడుతోంది. చాచా వాడి భుజం మీద చెయ్యి వేసి షెడ్‌లోకి తీసుకెళ్ళాడు. కాసేపటికి లోపలి నుంచి వాడి ఏడుపు మా దాకా వినిపించింది. తెల్లవారుజామున ఊరి నుంచి ఫోన్ వచ్చిందట, తండ్రి పోయాడని. ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వచ్చేశాడు. ఆ రోజు వాడు ఎక్కాల్సింది సైట్‌లో అన్నిటికంటే ఎత్తైన మంచె.

ఎట్లా పట్టుకున్నావు చాచా అని అడిగాను. ఆయన చెప్పిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ముఖం జూస్తె ఏం దెలుస్తది బేటా? ముఖం అందరు సర్దుకొనే వస్తరు. కాళ్ళ దాక సర్దుకునే ఓపిక ఉండది."

ఇక మంచు కొండ సంగతి. ఎండాకాలం సైట్‌లో నీళ్ళు పంచడం కూడా చాచా చూసుకునేవాడు. ఏళ్ళ తరబడి, రోజూ పెట్టెలకు పెట్టెలు. అన్ని సీసాల మీదా ఆ కొండే. మాకది కంటికి ఆనేది కాదు. చాచాకు ఆనింది. ఉప్పు సముద్రం నీళ్ళను మరగబెట్టి, తియ్యగా చేసి పోస్తున్నారనీ, ఆ నీళ్ళకూ ఈ కొండకూ ఏ సంబంధమూ లేదనీ మా ఇంజినీరు నవ్వుతూ చెప్పాడు. గదంత నాకు ఎర్కే సార్ అన్నాడు చాచా. నీళ్ళు యాడివైనా, కొండ అయితే యాడనో ఉంటది కదా అన్నాడు. మనుషుల్ని ఎత్తులెక్కించడం, దింపడమే బతుకుగా గడిపిన మనిషికి, ఎవరూ పైపులు కట్టకుండా తనంతట తాను నిలబడిన ఎత్తును ఒక్కసారి ఎక్కి చూడాలని పుట్టింది. ఖతార్‌లో కొండ లేదు. మేం కట్టిందే కొండ. అది కూడా పని అయిపోగానే విప్పేస్తాం.

అప్పట్లో గల్ఫ్ రెసిడెన్సీ కార్డు ఉంటే జార్జియా దేశానికి వీసా లేకుండా పోనిచ్చేవారు. ఈద్ సెలవుల్లో దోహా నుంచి విమానాల నిండా జనం పోయేవారు, మంచులో ఫోటోలు దిగడానికి. అక్కడ కజ్‌బెక్ అని పెద్ద కొండ ఉందని, ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండ ఇప్పుడు మంచు కప్పుకుని నిద్రపోతోందని, గైడును పెట్టుకుంటే శిఖరం దాకా తీసుకెళ్తాడని చాచా ఎక్కడో విని వచ్చాడు. వచ్చీ రాగానే నన్నూ, మల్లేశ్‌నూ పట్టుకున్నాడు. మల్లేశ్‌ది కోరుట్ల దగ్గర పల్లె. మా సైట్‌లో అందరికంటే చురుకైన స్కాఫోల్డర్. పైపు మీద వాడు నడుస్తుంటే కింద మేం మాటలు మానేసి చూసేవాళ్ళం. చాచాకు వాడంటే ప్రాణం. అందుకే ఎక్కువ తిట్లు కూడా వాడికే.

మా అమ్మకు ఫోన్‌లో చెప్తే, "దుబాయ్ల మంచు కొండ యాడికెల్లి వచ్చిందిరా, ఎవలో మిమ్ముల మోసం జేస్తున్నరు" అంది. ఇది దుబాయ్ కాదమ్మా, ఖతార్, పోయేది జార్జియా అని విడమరిచి చెప్పాను. అన్నీ ఒకటే తీ అని పెట్టేసింది.

మా తయారీ గురించి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. శుక్రవారం పొద్దున, ఎండ ముదరకముందు, ట్యాంకు పక్కన ఉన్న మెట్ల టవర్‌ను భుజాన ఇసుక సంచులు వేసుకుని ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం. అదయ్యాక చలి అలవాటు కావాలని చాచా మమ్మల్ని మెస్ కోల్డ్ స్టోర్‌లోకి తోలేవాడు. మా కార్మికుల బజారు ఏషియన్ టౌన్‌లో కొన్న లావుపాటి జాకెట్లు వేసుకుని, గడ్డకట్టిన కోళ్ళ అట్టపెట్టెల నడుమ ముగ్గురం చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం. బయట నిప్పులు చెరిగే ఎండ. వంటమనిషి తలుపు తెరిచి, చికెన్ కావాలంటే అడగాలి గానీ ఇట్లా కాపలా ఏంటని కసిరేవాడు. చాచా గడ్డం మీద నిజంగానే తెల్లటి పొడి పేరుకునేది. అచ్ఛా హై, అచ్ఛా హై అని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

ఆ ఈద్‌కు వెళ్ళాం. కొండ కింద ఉన్న ఊళ్ళో బస్సు దిగి తల ఎత్తగానే అది కనిపించింది.  చాచా హెల్మెట్ సర్దుకునే అలవాటు కొద్దీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ హెల్మెట్ లేదు. ఉత్త చెయ్యి నెత్తి మీద అట్లాగే ఉండిపోయింది.

మా గైడు ఆ ఊరివాడే. పలుచటి మనిషి, తక్కువ మాటలు, విరిగిన ఇంగ్లీషు. మొదటి రోజే చెప్పాడు. ఇది చల్లారిన అగ్నిపర్వతం. రాయి అంతా కాలిన రాయి, గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే ఊడి వస్తుంది. చలికి మంచు ఆ రాళ్ళను బిగించి పట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండకు మంచు వదులైతే రాళ్ళు వాటంతట అవే దొర్లి వస్తాయి. ఇక మంచునది, అంటే కొండ మీంచి నదిలా మెల్లగా జారే మంచుగడ్డ, దాని మీద పగుళ్ళుంటాయి, మనిషి నిలువునా దిగిపోయేంత లోతు. వాటి మీద కొత్త మంచు కప్పినట్టు పడి ఉంటుంది కాబట్టి కనపడవు. చాచా అంతా శ్రద్ధగా విని మాకు తెలుగులో ఒక్క ముక్కలో చెప్పాడు. కింద మంట, మీద ఐసు, నడుమ మనం అన్నాడు.

మంచునది మొదలయ్యే చోట, గల్ఫ్ నుంచే వచ్చిన ఒక కుటుంబం కనిపించింది. చెప్పులేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని, మంచు అంచు కింద గుహలా కరిగిన చోట ఫోటోలకు నిలబడ్డారు. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నాయి. చాచా అది చూసి ఆగలేకపోయాడు. సైట్‌లో క్రేన్ కింద నిలబడ్డవాళ్ళను తోలినట్టు రెండు చేతులూ ఊపుతూ, "యల్లా, యల్లా, బయటికి" అని కేకలేశాడు. వాళ్ళెవరో అరబ్బు మర్యాదస్తులు. ముందు కోపగించుకున్నారు. ఆ తర్వాత ఇంటాయన ఒకసారి పైకి చూసి, పిల్లల్ని ఎత్తుకుని గబగబా వచ్చేశాడు. వెళ్ళేటప్పుడు చాచా చేతిలో ఖర్జూరాల పొట్లం పెట్టాడు.

అంత చేసిన చాచా, అదే రోజు మధ్యాహ్నం, ఆయనే తప్పు చేశాడు. ఖతార్‌లో బతికినవాళ్ళం తప్ప ఇంకెవరూ చేయని తప్పది. ఎండాకాలం సైట్‌లో మా కళ్ళు ముందు నీడ కోసం వెతుకుతాయి. పైపు నీడ పడితే పైపంత సన్నగా అయి కూర్చుంటాం. ఆ కొండ మీద గాలి చల్లగానే ఉన్నా, మంచు మీద నుంచి లేచే ఎండ ముఖాలను మాడ్చేస్తోంది, నల్లద్దాలు తీస్తే కళ్ళు మండిపోతున్నాయి. గైడు దారి చూసి రావడానికి ముందుకు పోయాడు. మాకు ఒక రాతిగోడ కింద చక్కటి నీడ కనపడింది. ఆజావ్ అన్నాడు చాచా. ముగ్గురం వెళ్ళి గోడకు వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపి, రొట్టె విప్పుకున్నాం.

గైడు అంత దూరం నుంచి అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఏమన్నాడో అర్థం కాలేదు. అర్థం కావలసిన పని కూడా లేకపోయింది. రొట్టె అక్కడే వదిలేసి ఎండలోకి పరుగెత్తాం. మేం కూర్చున్న చోటుకు పైన ఎక్కడో టక్, టక్ మని చప్పుడైంది. ఆ తర్వాత రాళ్ళు వచ్చాయి. పెద్దవేం కావు, కొబ్బరికాయలంత. మా రొట్టెల పొట్లం ఎటు పోయిందో తెలియలేదు.

గైడు వచ్చి చాచాను నోటికొచ్చినట్టు తిట్టాడు, తన భాషలో. చాచా తల వంచుకుని మొత్తం విన్నాడు. ఆయన తిట్లు తినడం మేం చూసింది అదొక్కసారే. అంతా అయ్యాక గైడు చెయ్యి పట్టుకుని, నువ్వు మా సైట్‌కు రావాలె బాబు అన్నాడు హిందీలో. గైడుకు ఏం అర్థమైందో, నవ్వేశాడు. ఆ సాయంత్రం టెంటులో వేడినీళ్ళు కాచి అందరికంటే ముందు చాచాకే ఇచ్చాడు.

తర్వాతి రోజు బూట్ల కింద ఇనుప ముళ్ళు కట్టుకుని, ఒకే తాడుకు నలుగురం కట్టుకుని మంచునది దాటాం. ఆ తాడు చాచాకు తెగ నచ్చింది. మన బెల్టు హుక్ ఇనుముకు తగిలిస్తం, ఇక్కడ మనిషికి తగిలిస్తున్నరు అన్నాడు. నా కాలు ఒకచోట మోకాలి దాకా దిగిపోయింది. తాడు బిగుసుకుంది. కాలు లాక్కుని ఆ రంధ్రంలోకి చూశాను. లోపల నీలం, ఇంకా లోపల నలుపు. దాని అడుగెక్కడో కనపడలేదు. సాయంత్రానికి పైనున్న పాత రాతి గుడిసె చేరాం. అక్కడే పడుకుని, ఆ ఎత్తులోని పలుచటి గాలికి ఒక రోజు అలవాటు పడి, ఆ మరుసటి తెల్లవారుజామున శిఖరానికి బయలుదేరాలి. వాతావరణం మళ్ళీ చెడిపోతుందని, ఆ ఒక్క రోజే దొరికిందని గైడు చెప్పాడు.

ఆ అలవాటు పడే రోజంతా మల్లేశ్ అందరికంటే హుషారుగా ఉన్నాడు. పాటలు పాడాడు. అన్నం మాత్రం కెలికి వదిలేశాడు. ఇక్కడి అన్నం పలుకు పలుకుగా ఉందన్నాడు. గైడు అందరినీ పేరు పేరునా అడిగాడు, తలనొప్పి ఉందా, వాంతి అవుతోందా అని. చాలా ముఖ్యం, దాచకండి అని కూడా అన్నాడు. చాచా లేదన్నాడు, నేను లేదన్నాను, మల్లేశ్ మా ఇద్దరికంటే గట్టిగా, "నో సార్, ఫిట్" అన్నాడు.

తెల్లవారుజామున బయటికొచ్చాం. తలలకు లైట్లు కట్టుకున్నాం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. పైన శిఖరం పలుచటి వెలుగులో, చేయి చాపితే అందేట్టు కనపడుతోంది. చాచా పక్కకు వెళ్ళి, మంచు మీద చాప పరిచి నమాజు చేసుకుని వచ్చాడు. నేను ఆయన ముఖాన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. తాడు కట్టుకోవడానికి వరసలో నిలబడ్డాం. అందరి లైట్లూ ఒకరివి ఒకరి ముఖాల మీద పడుతున్నాయి. చాచా లైటు మాత్రం కిందికి పడుతోంది. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి కట్టుకుని, మా బూట్ల మీద వెలుతురు వేసుకుంటూ నడిచాడు.

మల్లేశ్ దగ్గర ఆగిపోయింది ఆ వెలుతురు.

ఒక బూటు లేసు సగం దాకే ఉంది. రెండో బూటుకు ఇనుప ముళ్ళ పట్టీ తిరగేసి కట్టి ఉంది. ఎంత ఎత్తునైనా పట్టీలు కళ్ళు మూసుకుని బిగించే మనిషి. చాచా మంచులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి పట్టీ విప్పి సరిగా కట్టాడు. లేసు పై దాకా లాగి ముడి వేశాడు, దాని మీద ఇంకో ముడి. కూర్చునే తల ఎత్తి అడిగాడు.

"ఎప్పటికెల్లి నొస్తున్నది తల?"

"ఏం లేదు చాచా. ఫిట్టే."

"నేను సైట్ల అడుగుతలేను బేటా. ఈడ నీ డ్యూటీ కట్ జేసేటోడు ఎవ్వడు లేడు. చెప్పు."

నిన్నటి నుంచి అన్నాడు మల్లేశ్. రెండుసార్లు వాంతి చేసుకుని మంచు కప్పేశానన్నాడు. నీ కొండ ఎక్కుడు పాడైతదని చెప్పలే చాచా అని ఏడ్చేశాడు. గైడు వాడిని సరళరేఖ మీద, మడమకు వేళ్ళు ఆనించి నడవమన్నాడు. పైపుల మీద పిల్లిలా నడిచే మల్లేశ్, చదును నేల మీద తూలి పక్కకు పడ్డాడు. ఎత్తు జబ్బు తలకెక్కిందన్నాడు గైడు. వెంటనే దించాలి, ఇప్పుడే అన్నాడు. మంచునది మెత్తబడకముందే దాటాలన్నాడు.

అప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు గైడు. గుడిసెలో ఇంకో బృందం వెంట వచ్చిన, తనకు తెలిసిన మనిషి ఒకడున్నాడు. కుర్రాడిని అతను దించుతాడు, నువ్వు నాతో రా, ఇంత మంచి రోజు దొరకదు అన్నాడు చాచాతో. సరైన మాటే. అతను కూడా గైడే, వాడిని భద్రంగానే దించేవాడు. నేను కూడా అదే చెప్పాను. నేను మల్లేశ్ వెంట పోతా, నువ్వు పైకి పో చాచా అన్నాను. మల్లేశ్ కూడా చేతులు జోడించాడు.

చాచా ఒక్కసారి పైకి చూశాడు.   ఆ తర్వాత తల లైటు ఆర్పేశాడు.

"నేను దెచ్చిన పిలగాడు. నేనే తీస్కపోవాలె. నడూండ్రి, కిందికి పోదాం."

దిగేటప్పుడు తాడుకు చివరన చాచాయే ఉన్నాడు. పట్టుకోవలసి వస్తే చివరివాడే పట్టుకోవాలి. మల్లేశ్ అడుగడుగుకూ కూలబడుతున్నాడు. కాసేపు కూర్చుంటా అని బతిమాలుతున్నాడు. చాచా వెనక నుంచి ఆపకుండా మాట్లాడిస్తూనే ఉన్నాడు. మీ ఊళ్ళో బస్టాండు ఎటు, మీ అమ్మ పచ్చిపులుసులో ఏమేం వేస్తది, చెల్లె పెళ్ళిలో బ్యాండు ఎవరిది. జవాబు ఆలస్యమైతే ఉర్దూలో తిట్టు.  వాడి మాట ఒక్కోసారి ముద్దగా అయిపోయేది, అప్పుడు గైడు వెనక్కి తిరిగి చాచా వైపు చూసేవాడు. ఇద్దరికీ భాష లేదు. ఆ చూపులోనే అన్నీ మాట్లాడుకున్నారు.

మంచునది దాటి, పచ్చగడ్డి కనపడే దాకా దిగాం. అక్కడ మల్లేశ్ ఒక రాయి మీద కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, ఆకలైతుంది అన్నాడు. అంతే. చాచా గడ్డి మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చేతుల వెనక నుంచి మాకు తెలియలేదు. అరబ్బు ఇంటాయన ఇచ్చిన ఖర్జూరాలు అప్పుడు విప్పాం.

ఆ రోజంతా కొండ మీద ఒక్క మబ్బు కూడా రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. మల్లేశ్ అటు చూడలేక వీపు పెట్టి కూర్చున్నాడు. చాచా వాడిని గమనించాడు. సంచిలో నుంచి నీళ్ళ సీసా తీశాడు, ఖతార్ నుంచి తెచ్చుకున్నదే. మల్లేశ్‌ను లేపి ఇటు తిప్పి, సీసాను కొండ పక్కన ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, లేబుల్‌నూ కొండనూ మార్చి మార్చి చూశాడు. ఈ బొమ్మల రెండు కొసలున్నయి, దీనికి ఒక్కటే ఉన్నది, ఇది ఆ కొండ కానే కాదురా, అనవసరంగ ఎక్కుతుంటిమి, బచ్‌గయే అన్నాడు. మల్లేశ్ ఏడుస్తూనే నవ్వాడు. ఆ లేబుల్ మీది కొండ ఎవరో బొమ్మలు గీసేవాడి చేతిలో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదని చాచాకు తెలియదా? తెలుసు. మా ఇద్దరికీ కూడా తెలుసు.

తిరిగొచ్చాక మొదటి పొద్దుటి మీటింగ్‌లోనే చాచా తన నీడ తప్పును మైకులో చెప్పుకున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ రాళ్ళ కింద కూర్చుని రొట్టె తిన్న వైనం విని వరసలు వరసలుగా నవ్వారు. ఆ తర్వాత కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. నీడ కనపడితే ముందు పైకి చూడమనేవాడు. మల్లేశ్ తలనొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొండ దాకా పోయి ఎక్కకుండా ఎందుకొచ్చావని అడిగితే, ఈ ముసలోని మోకాళ్ళు పడలే అనేవాడు. వచ్చే ఈద్‌కు మళ్ళీ పోదాం అనేవాడు. ఒక ఈద్‌కు ప్లాంట్ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ డ్యూటీ పడింది, ఇంకో ఈద్‌కు బిడ్డ పెళ్ళి, ఆ తర్వాతి ఈద్ నాటికి నిజంగానే మోకాళ్ళు పోయాయి. ఉద్యోగం చాలించుకుని బోధన్ వెళ్ళిపోయిన రోజు, ఎయిర్‌పోర్టులో కౌగిలించుకున్నాక కూడా, ఒక అడుగు వెనక్కి వేసి మా ఇద్దరి బూట్లూ చూసి మరీ లోపలికి పోయాడు.

ఫోన్‌లో అప్పుడప్పుడు మాట్లాడేవాడు. మనవడిని బడికి పంపేటప్పుడు లేసులు తానే కడతానని గొప్పగా చెప్పుకునేవాడు. కొండ గురించి నేనెప్పుడూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఎక్కలేకపోయినందుకు ఆయన మనసులో ముల్లు ఉండిపోయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉండే ఉంటుంది. దాన్ని మల్లేశ్‌కు తగలకుండా చివరిదాకా దాచుకున్నాడని మాత్రం తెలుసు. అందుకే ఆయన నాకు చాలా పెద్దమనిషి.

కబురు వచ్చిన సాయంత్రం ఏషియన్ టౌన్‌లో పాతవాళ్ళం కలుసుకున్నాం. ముస్లిం పోరలు అక్కడి మసీదులో ఆయన కోసం నమాజు చేశారు. మేం బయట నిలబడ్డాం. మల్లేశ్ ఇప్పుడు ఫోర్‌మాన్, ఇద్దరు పిల్లల తండ్రి.  నేనే అందరినీ ఓదార్చాను. ఆయన అల్లుడికి ఫోన్ చేయించాను, బస్సు ఎక్కించాను. నేను గట్టివాడినేనని నాకే అనిపించింది.

మర్నాడు పొద్దుటి మీటింగ్ నాదే. ఇప్పుడు నేను సూపర్‌వైజర్‌ని. వరసల్లో సగం మంది చాచాను చూడని కొత్తవాళ్ళు. అందరి చేతుల్లో నీళ్ళ సీసాలు, వాటి మీద అదే కొండ. మైకు తీసుకుని, ఇక్కడొక సేఫ్టీ ఆఫీసర్ ఉండేవాడు, నిన్న పోయాడు అని మొదలుపెట్టాను. రాళ్ళ కింద నీడ కథ చెప్పాను. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వారు. గొంతు ఎక్కడా వణకలేదు. అందరూ ఫిట్టేనా అని అడిగాను. ఫిట్ అన్నారు.

వెనక వరసలో నుంచి మల్లేశ్ వచ్చాడు. నా ముందు ఆగి, సీసాను ఇసుకలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు చూసుకున్నాను. నా ఎడమ బూటు లేసు నేల మీద వేలాడుతోంది. కుడిది సగం రంధ్రాల్లోకే ఎక్కింది. మల్లేశ్ తొందరపడకుండా రెండూ పై దాకా లాగాడు. ముడి వేశాడు, దాని మీద ఇంకో ముడి. వరసలన్నీ చూస్తున్నాయి. నేను ఫిట్టేరా అందామనుకున్నాను. 

వాడు లేచి నా చేతిలోని మైకు తీసుకుని పక్కవాడికిచ్చాడు.

"నడువన్నా. కిందికి పోదాం."

కనుచూపు మేర ఇసుక, అద్దంలా చదునుగా ఉంది. కింద అనేది ఎటు వైపో నాకు తెలియదు. మల్లేశ్ నా చెయ్యి పట్టుకున్నాడు, నేను వాడి వెంట నడిచాను.